ముగ్గురు మనుషులు, ఎనిమిది మంది యూజర్లు: చేపల సైట్‌లో క్రాస్ డివైస్ ట్రాకింగ్ డైరీ

దశ 0: చేతిలో ఏముంది

మావయ్య విశాఖ ఫిషింగ్ హార్బర్‌లో చేపలు కొని, శుభ్రం చేయించి ఇళ్ళకి పంపుతాడు. ఆర్డర్లన్నీ ఒక చిన్న సైట్ మీద వస్తాయి. ఎంవీపీ కాలనీ, సీతమ్మధార, మధురవాడ, అటు గాజువాక వరకు డెలివరీ ఉంది. హార్బర్‌లో పొద్దున్నే వేలం పాట అయ్యాక సైట్‌లో రేట్లు మారతాయి. జనం ఆ రేట్లు ఫోన్లో చూస్తారు. ఆఫీసుకెళ్ళి ల్యాప్‌టాప్‌లో ఆర్డర్ పెడతారు. తర్వాత మళ్ళీ ఫోన్ తీసి, డెలివరీ అబ్బాయి ఎక్కడున్నాడో చూస్తారు.

సైట్‌లో గూగుల్ అనలిటిక్స్ 4 (ఇకమీద జీఏ4) ఉంది, సైట్‌కి ఎంతమంది వచ్చి ఏం చేశారో లెక్కపెట్టే గూగుల్ సాధనం ఇది. గూగుల్ ట్యాగ్ మేనేజర్ (ఇలాంటి కోడ్ ముక్కలని సైట్‌లో నడిపే సాధనం) ద్వారా పెట్టాం. పాత యూనివర్సల్ అనలిటిక్స్ 2023 జులై 1 నుంచి కొత్త డేటా తీసుకోవడం మానేసింది. అందుకే ఈ విషయం మీద దొరికే పాత పాఠాల్లో చాలావరకు ఇప్పుడు పనికిరావు. 'డివైస్ ఓవర్‌ల్యాప్', 'డివైస్ పాత్స్' రిపోర్టులు తెరవమని చెప్పేవైతే అక్కడే మూసేయండి, జీఏ4లో అవి లేవు.

మావయ్య అడిగింది రెండే. ఇన్‌స్టాగ్రామ్ యాడ్‌కి పెడుతున్న డబ్బు ఆర్డర్లుగా తిరిగొస్తోందా? రెండోది, యూజర్ల అంకె చూసి అడిగాడు: "ఒరేయ్, నిజంగా ఇంతమంది ఉంటే వంజరం ఎందుకు మిగిలిపోతందిరా?"

రెండో ప్రశ్న తేలకుండా మొదటిదానికి జవాబు రాదు. ఒకే మనిషి ఫోన్లోంచీ ల్యాప్‌టాప్‌లోంచీ వచ్చినా ఒక్కరేనని గుర్తించడమే క్రాస్ డివైస్ ట్రాకింగ్, ఈ డైరీ దాని గురించే. ఇలాంటి సైటే నడుపుతున్నవాళ్ళు పనికొచ్చింది తీసుకుని, పాడైనచోట పక్కకి తప్పుకుంటారని ఇదంతా రాసి పెడుతున్నాను.

దశ 1: ముందు కొలత

అసలు కస్టమర్ల డేటా మీద ప్రయోగాలు చేస్తే ఏది నిజమో తేలదు. అక్కడ ఎంతమంది మనుషులున్నారో మనకి తెలియదు కాబట్టి. అందుకని లెక్క ముందే తెలిసిన ఒక గుంపుని తీసుకున్నాం: నేను, అక్క, మావయ్య.

1. ప్రతి ఒక్కరూ సైట్ తెరిచే బ్రౌజర్లన్నీ కాగితం మీద రాసుకున్నాం.
2. ప్రతి బ్రౌజర్‌లో సైట్ తెరిచి, రేట్ల పేజీలో పది సెకన్లకి పైగా ఉన్నాం. జీఏ4 మామూలుగా చూపించేది 'యాక్టివ్ యూజర్లు'. పది సెకన్లు దాటితే ఆ సెషన్‌ని (సైట్‌కి వచ్చిన ఒక విడతని) ఎంగేజ్‌డ్‌గా, అంటే నిజంగా చూసినట్టుగా తీసుకుంటుంది.
3. ల్యాప్‌టాప్ బ్రౌజర్లలో డెవలపర్ టూల్స్ తెరిచి, 'అండర్‌స్కోర్ జీఏ' అనే కుకీ (సైట్ బ్రౌజర్లో దాచే చిన్న గుర్తు) విలువ రాసుకున్నాం. దాని చివర చుక్కతో విడదీసిన రెండు అంకెలుంటాయి. మొదటిది యాదృచ్ఛికంగా పుట్టిన సంఖ్య, రెండోది ఆ బ్రౌజర్ మొదటిసారి సైట్‌కి వచ్చిన సమయం. రెండూ కలిసి క్లయింట్ ఐడీ. జీఏ4 దృష్టిలో మీరంటే ఆ అంకే.

వచ్చిన జాబితా ఇదీ. నావి: ఆండ్రాయిడ్ ఫోన్లో క్రోమ్, అదే ఫోన్లో ఇన్‌స్టాగ్రామ్ లోపల తెరుచుకునే బ్రౌజర్, ల్యాప్‌టాప్‌లో క్రోమ్, ఫైర్‌ఫాక్స్. అక్కవి: ఐఫోన్లో సఫారీ, ఇన్‌స్టాగ్రామ్ లోపలి బ్రౌజర్. మావయ్యవి: ఆండ్రాయిడ్ ఫోన్లో క్రోమ్, కొట్లో ఉన్న ట్యాబ్‌లో క్రోమ్.

లెక్క: మనుషులు 3, పరికరాలు 5, బ్రౌజర్లు 8. జీఏ4 చూపిన యూజర్లు 8.

ఇక్కడ ఆగి చూడాల్సింది ఒకటుంది. ఎక్కువైన ఐదుగురు యూజర్లలో ముగ్గురు వేరే పరికరం వల్ల రాలేదు, ఒకే పరికరంలో రెండో బ్రౌజర్ వల్ల వచ్చారు. ఇన్‌స్టాగ్రామ్‌లో లింక్ నొక్కితే అది దాని లోపలి బ్రౌజర్‌లోనే తెరుచుకుంటుంది, క్రోమ్‌ కుకీలు దానికి అందవు. యాడ్ చూసి రేట్లు చూసిన మనిషి, పది నిమిషాల తర్వాత అదే ఫోన్లో క్రోమ్ తెరిచి ఆర్డర్ పెట్టినా జీఏ4కి ఇద్దరు కనిపిస్తారు. యాడ్ ఖాతాలో సున్నా, ఎక్కడినుంచి వచ్చారో తెలియనివాళ్ళ 'డైరెక్ట్' ఖాతాలో ఒక ఆర్డర్. మావయ్య మొదటి ప్రశ్నలో చిక్కు ఇక్కడే ఉంది. పేరుకి ఇది క్రాస్ డివైస్ సమస్య, పని మొదలుపెట్టాక మాత్రం ఎక్కువగా తగిలింది క్రాస్ బ్రౌజర్ సమస్యే.

దశ 2: ఐడీ ఏది?

జీఏ4కి ఇద్దరు ఒక్కరేనని మనం చెప్పాలంటే దారి ఒకటే: లాగిన్ అయిన మనిషికి మనమే ఒక యూజర్ ఐడీ ఇచ్చి, ప్రతి బ్రౌజర్ నుంచీ అదే పంపాలి.

పాత కోడ్‌లో ఈ ప్రయత్నం ఉంది. ఫోన్ నంబర్‌నే యూజర్ ఐడీగా పంపుతోంది. మా సైట్‌లో లాగిన్ అంటే ఫోన్ నంబర్, ఓటీపీ కాబట్టి ఎవరికైనా మొదట తోచేది అదే. కానీ ఫోన్ నంబర్, ఈమెయిల్, పేరు లాంటివి అనలిటిక్స్‌లోకి పంపకూడదని గూగుల్ నిబంధన. వెంటనే తీసేశాం.

"హ్యాష్ చేసి పంపితే సరిపోతుందిగా" అని ఒక ఫ్రెండ్ సలహా. హ్యాష్ అంటే నంబరుని ఒక సూత్రంతో గుర్తుపట్టలేని అక్షరాల వరుసగా మార్చడం. సరిపోదు. మన దేశంలో మొబైల్ నంబరుకి పది అంకెలు, మొదటిది 6 నుంచి 9 లోపు. అంటే మొత్తం 400 కోట్ల నంబర్లే సాధ్యం. ఒక మంచి గ్రాఫిక్స్ కార్డు వాటన్నిటికీ హ్యాష్‌లు కట్టి, ఏ హ్యాష్ ఎవరి నంబరో నిమిషం లోపే చెప్పేస్తుంది. ఆ చిట్టా ఎవరి చేతికైనా చిక్కితే నంబర్లు దాచినట్టే కాదు.

చివరికి చేసింది:

1. కస్టమర్ల టేబుల్‌లో ఒక కొత్త కాలమ్. ఖాతా తెరిచినప్పుడు ఒక యాదృచ్ఛిక ఐడీ (యూయూఐడీ) పుట్టి అందులో కూర్చుంటుంది.
2. పాత కస్టమర్లందరికీ ఒక్కసారి స్క్రిప్ట్ నడిపి ఇచ్చేశాం.
3. జీఏ4కి వెళ్ళేది ఇదే. 256 అక్షరాలు దాటకూడదని పరిమితి, యూయూఐడీకి 36 చాలు.

1, 2, 3 అని వరుస నంబర్లు ఇస్తే తేలిక కదా అనొచ్చు. అవి పేజీ సోర్స్‌లో కనిపిస్తాయి. మన దగ్గర ఎంతమంది కస్టమర్లున్నారో పక్క కొట్టువాడు ఖాతా తెరిచి తెలుసుకోగలడు.

ఇంకో జాగ్రత్త: ఈ యూజర్ ఐడీని జీఏ4లో కస్టమ్ డైమెన్షన్‌గా (రిపోర్టుల్లో మనం సొంతంగా చేర్చుకునే కాలమ్‌గా) నమోదు చేయొద్దు. విలువలు లెక్కకు మించి పెరిగి, రిపోర్టుల్లో 'అదర్' అనే వరుసలోకి సగం డేటా పోయి పడుతుంది.

లెక్క: మనుషులు 3, యూజర్లు ఇంకా 8. ఎందుకో తర్వాతి దశలో తెలిసింది.

దశ 3: పంపుతున్నా కలవడం లేదు

ముగ్గురం ఏడు బ్రౌజర్లలో లాగిన్ అయ్యాం. కొట్టు ట్యాబ్‌ని కావాలనే వదిలేశాం. సైట్ నుంచి అప్పటికప్పుడు ఏమేం వెళ్తోందో చూపే జీఏ4 పేజీ, డీబగ్‌వ్యూలో చూస్తే రెండు వేర్వేరు తప్పులు బయటపడ్డాయి.

మొదటిది వరుస. పేజీ తెరవగానే ట్యాగ్ మేనేజర్ లేచి 'పేజ్ వ్యూ' పంపేస్తోంది. ఆ తర్వాత ఎప్పుడో మన స్క్రిప్ట్ సర్వర్‌ని అడిగి యూజర్ ఐడీ తెచ్చి డేటాలేయర్‌లో (ట్యాగ్ మేనేజర్ చదివే సమాచారం ఉంచే చోట) పెడుతోంది. పెళ్ళి భోజనాలయ్యాక శుభలేఖ పంచినట్టుంది. దిద్దిన విధం:

1. యూజర్ ఐడీని పేజీతోపాటే సర్వర్ రాసి ఇస్తుంది, విడిగా అడగడం లేదు.
2. ఆ డేటాలేయర్ ముక్క ట్యాగ్ మేనేజర్ కోడ్‌కి పైన ఉంటుంది. కింద కాదు.
3. ట్యాగ్ మేనేజర్‌లో డేటాలేయర్ వేరియబుల్ ఒకటి చేసి, గూగుల్ ట్యాగ్ సెట్టింగ్స్‌లో యూజర్ ఐడీ ఫీల్డ్‌కి తగిలించాం.
4. ఓటీపీ కొట్టగానే మా పేజీ రీలోడ్ అవదు. అందుకని ఓటీపీ సరిపోయిన క్షణంలోనే 'లాగిన్' ఈవెంట్‌ని యూజర్ ఐడీతో సహా తోస్తున్నాం.

నాలుగోది చిన్నగా కనిపిస్తుంది గానీ వదలొద్దు. సెషన్ మధ్యలో యూజర్ ఐడీ వస్తే, ఆ సెషన్‌లో అంతకుముందు జరిగినదాన్ని కూడా జీఏ4 ఆ మనిషికే జత చేస్తుంది. నిన్నటి, మొన్నటి సెషన్లని మాత్రం వెనక్కి వెళ్ళి కలపదు. కాబట్టి ఏ తేదీ నుంచి ఐడీ సరిగ్గా వెళ్తోందో రాసుకుని, పోలికలన్నీ ఆ తేదీ తర్వాతే పెట్టండి.

రెండో తప్పు సెట్టింగ్‌లో ఉంది. అడ్మిన్‌లో డేటా డిస్‌ప్లే కింద 'రిపోర్టింగ్ ఐడెంటిటీ' అని ఉంటుంది. మా ప్రాపర్టీలో అది 'డివైస్ బేస్డ్' మీద ఉంది. అంటే మనం ఐడీ ఎంత శ్రద్ధగా పంపినా రిపోర్టు దాన్ని పట్టించుకోదు. 'అబ్జర్వ్‌డ్'కి మార్చాం. ఇది యూజర్ ఐడీ ఉంటే దాన్ని, లేకపోతే డివైస్ ఐడీని (వెబ్‌లో అంటే క్లయింట్ ఐడీనే) తీసుకుంటుంది. 'బ్లెండెడ్'లో దీనికి తోడు అంచనాలు కూడా కలుస్తాయి, కానీ ఆ మోడలింగ్‌కి కావాల్సినంత ట్రాఫిక్ మాకు లేదు. ఈ మూడింటి మధ్య ఎన్నిసార్లు మారినా సేకరించిన డేటాకి నష్టం లేదు, చూపించే పద్ధతి మాత్రమే మారుతుంది. ధైర్యంగా మార్చి చూసుకోండి.

గూగుల్ సిగ్నల్స్ (గూగుల్ ఖాతాలో లాగిన్ అయినవాళ్ళ డేటా) ఆన్ చేస్తే పరికరాలు వాటంతటవే కలుస్తాయని ఇంకా చాలామంది చెబుతున్నారు. రిపోర్టింగ్ ఐడెంటిటీలోంచి సిగ్నల్స్‌ని 2024 ఫిబ్రవరి 12న తీసేశారు. మా సైజు సైట్‌లో దాన్ని ఆన్ చేస్తే కలిసేదేం లేదు, పైగా వయసు, లింగం లాంటి వివరాలున్న రిపోర్టుల్లో యూజర్లు తక్కువగా ఉన్న వరుసలు మాయమయ్యే ప్రమాదం ఉంది.

లెక్క: మనుషులు 3, బ్రౌజర్లు 8, యూజర్లు 4. ముగ్గురం, ఒక అనాథ ట్యాబ్.

దశ 4: గెస్ట్ గారు

నాలుగుకి దిగిందని సైట్ మొత్తం మీద పెట్టాం. కొద్ది రోజుల్లోనే ఎక్స్‌ప్లోర్‌లో (జీఏ4 డేటాని మనమే విడమర్చి చూసుకునే విభాగం) ఒక మహానుభావుడు తేలాడు. ఫోన్లు, ల్యాప్‌టాపులు, ట్యాబులు అన్నీ వాడతాడు. పొద్దున పెందుర్తిలో, అదే నిమిషంలో మధురవాడలో. రేట్లు చూస్తూనే ఉంటాడు, చేప మాత్రం కొనడు.

"ఎవుడ్రా ఈడు? ఫోన్ చేసి కనుక్కో" అన్నాడు మావయ్య.

లాగిన్ కానివాళ్ళకి సర్వర్ 'గెస్ట్' అనే పదాన్ని యూజర్ ఐడీగా రాసి పంపుతోంది. జీఏ4కి అది ఒక పేరు. లాగిన్ కాని ప్రతి మనిషీ ఆ ఒక్క పేరు కింద చేరిపోయాడు. మా పరీక్ష గుంపుతో సరిచూశాం: ఏడు బ్రౌజర్లలోనూ లాగౌట్ అయి, కొట్టు ట్యాబ్‌తో కలిపి అన్నిట్లోనూ సైట్ తెరిచాం. ఎనిమిదీ కలిసి ఒక్కడయ్యాయి.

లెక్క: మనుషులు 3, యూజర్ 1. మనుషుల కంటే యూజర్లు తగ్గడం ఎక్కువ కావడం కంటే ప్రమాదం. ఎక్కువుంటే అనుమానం వస్తుంది, తక్కువుంటే కలిసిపోయాయని సంబరపడతాం.

నియమం: లాగిన్ కానివాళ్ళకి యూజర్ ఐడీ అసలు పంపకూడదు. ఖాళీ, స్పేస్, 'గెస్ట్', '0', కొటేషన్లలో పెట్టిన 'నల్', ఏదీ వద్దు. మాది పేజీ పేజీకీ రీలోడ్ అయ్యే సైట్ కాబట్టి ఆ వరుసే రాయకుండా వదిలేస్తే చాలు. రీలోడ్ లేకుండా నడిచే యాప్ లాంటి సైటైతే లాగౌట్ దగ్గర అసలు నల్ విలువని (ఏమీ లేదని చెప్పే విలువ) పంపాలి. దిద్దాక లాగౌట్ పరీక్షలో 8, లాగిన్ పరీక్షలో 4. రెండూ రావాల్సిన అంకెలే.

దశ 5: లాగిన్ ఎవరు అవుతారు?

టూల్ వైపు పని ఇక్కడికి దాదాపు అయిపోయింది. అసలు డేటాలో మాత్రం మార్పు చాలా తక్కువ. కారణం సులువే: ఓటీపీ అడిగేది ఆర్డర్ చివర్లో మాత్రమే. రేట్లు చూసి వెళ్ళిపోయేవాళ్ళకి లాగిన్ అవ్వాల్సిన పని లేదు. ఆర్డర్ పెట్టినవాళ్ళలోనూ ఆ ఒక్క బ్రౌజరే లాగిన్ అయి ఉంటుంది, మిగతావి పరాయివే.

రేట్లు చూడటానికే లాగిన్ అడుగుదామంటే మావయ్య ఒప్పుకోలేదు. ఆయన మాటే సరైనది. వంజరం కిలో ఎంత అని అడిగితే ముందు నీ ఫోన్ నంబరు చెప్పు అనే కొట్టుకి ఎవరొస్తారు?

అందుకని లాగిన్ వల్ల కస్టమర్‌కి ఏదో ఒకటి దక్కేచోట పెట్టాం:

1. 'పోయినసారి ఆర్డరే మళ్ళీ' బటన్. ముక్కల సైజు, తల కావాలా వద్దా, అన్నీ గుర్తుంటాయి.
2. 'చందువ వస్తే చెప్పండి' బటన్. కావాల్సిన చేప పాటకి వచ్చిన రోజు మెసేజ్ వెళ్తుంది.
3. ఆర్డర్ ఎక్కడుందో చూసే లింక్, వాట్సాప్‌లో.

మూడోదాని మీదే ఆశ ఎక్కువ పెట్టుకున్నాం. ల్యాప్‌టాప్‌లో ఆర్డర్ పెట్టినా వాట్సాప్ లింక్ నొక్కేది ఫోన్లో కాబట్టి, ఫోన్ బ్రౌజర్ కూడా ఆ మనిషి ఖాతాలోకి వచ్చేస్తుంది. లింక్‌లో ఒక టోకెన్ (ఆ కస్టమర్‌ని గుర్తించే రహస్య సంకేతం) పెట్టి, నొక్కగానే ఓటీపీ లేకుండా లాగిన్ అయ్యేలా చేశాం.

బాగా పనిచేసింది, మరీ బాగా. ఎంవీపీ కాలనీలో ఒకావిడ 'డెలివరీ బాగుంది, మీరూ చూడండి' అని ఆ లింక్‌నే అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూప్‌లో పెట్టారు. నొక్కిన ప్రతి ఒక్కరూ ఆవిడ ఖాతాలోకి వచ్చి కూర్చున్నారు. లెక్క తప్పడం ఒక ఎత్తు. ఆవిడ అడ్రసు, పాత ఆర్డర్లు అందరికీ కనిపించే అవకాశం ఉండటం ఇంకో ఎత్తు. ఆ రోజు టెన్షన్ మామూలుగా లేదు. లింక్‌లన్నీ ఆపేసి, ఆవిడకి ఫోన్ చేసి చెప్పాం.

మార్చింది: లింక్ నొక్కితే ఆర్డర్ స్థితి మాత్రమే కనిపిస్తుంది, పేరూ అడ్రసూ కనిపించవు. దాని వల్ల లాగిన్ అవదు, యూజర్ ఐడీ వెళ్ళదు. డెలివరీ అయిన కాసేపటికి లింక్ చచ్చిపోతుంది. పేజీలో 'మార్పులు చేయాలా?' అనే బటన్ నొక్కితేనే ఓటీపీ. కలిసే బ్రౌజర్లు తగ్గాయి. కలిసినవి మాత్రం నమ్మదగ్గవి.

ఓటీపీ ఎస్సెమ్మెస్‌ల గురించి ఒక మాట: మెసేజ్ టెంప్లేట్‌లో ఒక పదం మార్చినా డీఎల్‌టీ పోర్టల్‌లో (వ్యాపార ఎస్సెమ్మెస్‌లు నమోదు చేసుకునే చోట) మళ్ళీ ఆమోదం తెచ్చుకోవాలి. బటన్లు ముందే తయారై ఈ ఆమోదం కోసం కూర్చోవాల్సి రావచ్చు, పనిని ఆ వరుసలో వేసుకోండి.

దశ 6: కొట్టు ట్యాబ్

ఇది ఇంకో రకం. ఒక మనిషికి చాలా పరికరాలు కాదు, ఒక పరికరానికి చాలామంది మనుషులు. ఫోన్ చేసి ఆర్డర్ చెప్పే పెద్దవాళ్ళ తరఫున మావయ్య ఆ ట్యాబ్‌లో వాళ్ళ నంబరుతో లాగిన్ అయి ఆర్డర్ పెడతాడు.

ఐపీ అడ్రస్ బట్టి తీసేద్దామంటే కొట్టు బ్రాడ్‌బ్యాండ్ ఐపీ మారిపోతూ ఉంటుంది. దాని బదులు:

1. స్టాఫ్ లాగిన్ అయిన బ్రౌజర్లో ఒక గుర్తు కుకీ పెట్టాం.
2. అది ఉంటే 'ట్రాఫిక్ టైప్' పారామీటర్ విలువ 'ఇంటర్నల్'గా వెళ్తుంది.
3. జీఏ4 డేటా ఫిల్టర్లలో ఇంటర్నల్ ట్రాఫిక్ ఫిల్టర్‌ని ముందు టెస్టింగ్‌లో ఉంచి, డీబగ్ చేసి, ఆ తర్వాతే యాక్టివ్ చేశాం.

మూడోదాంట్లో తొందర వద్దు. యాక్టివ్ ఫిల్టర్ తీసేసిన డేటా ఇక ఎప్పటికీ రాదు.

లెక్క: మనుషులు 3, కొట్టు ట్యాబ్ బయట, బ్రౌజర్లు 7, యూజర్లు 3.

దశ 7: వేట నిషేధం

తూర్పు తీరంలో ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు, 61 రోజులు, మరబోట్లకి వేట నిషేధం. హార్బర్‌లో బోట్లన్నీ కట్టేసి ఉంటాయి. మాకు చెరువు రొయ్యలు, బొచ్చె, శీలావతి, ఎండుచేపల మీదే బండి నడుస్తుంది. సముద్రపు చేపలకే అలవాటుపడ్డ కస్టమర్లు ఆ రెండు నెలలూ సైట్ వైపు చూడరు.

బోట్లు మళ్ళీ వెళ్ళగానే కొత్త యూజర్ల గీత నిటారుగా లేచింది. వాళ్ళలో ఎక్కువమంది కొత్తవాళ్ళు కాదని ఆర్డర్లలో పేర్లు చూసి మావయ్యే చెప్పాడు.

సఫారీ సంగతి ఇది: జావాస్క్రిప్ట్ (పేజీలో నడిచే కోడ్) పెట్టిన కుకీలని ఏడు రోజుల తర్వాత చెరిపేస్తుంది. జీఏ4 కుకీ మామూలుగా రెండేళ్ళు ఉండాలి, కానీ అది జావాస్క్రిప్ట్‌తో పుట్టేదే. కాబట్టి అక్క ఐఫోన్‌లో వారం రోజులు సైట్ తెరవకపోతే అక్క కొత్త మనిషే, 61 రోజుల మాట అటుంచండి. మా లాగిన్ సెషన్ కుకీ మాత్రం సర్వర్ పెట్టేది. మా సైట్‌లో అది నిలిచింది. అక్క జూన్‌లో సఫారీ తెరిస్తే క్లయింట్ ఐడీ కొత్తది వచ్చింది, యూజర్ ఐడీ పాతదే వెళ్ళింది. ఇంత పనీ చేసినందుకు కళ్ళతో చూసిన ఫలితం ఇదొక్కటి చాలనిపించింది.

ఆ 61 రోజులు ఇంకో రెండు చోట్ల తగిలాయి. రెండూ మీ ప్రాపర్టీలో ఇవాళే చూసుకోండి.

1. జీఏ4 డేటా రిటెన్షన్ (డేటా ఉంచే గడువు) మొదట్లో 2 నెలలే ఉంటుంది. నిషేధానికి ముందు, తర్వాత పోల్చుదామని ఎక్స్‌ప్లోర్ తెరిస్తే ముందు సగం లేదు. మామూలు రిపోర్టులకి ఈ గడువు వర్తించదు, ఎక్స్‌ప్లోర్‌కి వర్తిస్తుంది. 14 నెలలకి మార్చాం. పోయింది తిరిగి రాదు.
2. జీఏ4 డేటాని పంపి దాచుకునే గూగుల్ డేటాబేస్ బిగ్‌క్వెరీ (దీని సంగతి దశ 8లో). దాని ఉచిత రూపమైన శాండ్‌బాక్స్‌లో టేబుళ్ళకి 60 రోజులే ఆయుష్షు. బిల్లింగ్ ఖాతా జోడించాక కూడా పాత టేబుళ్ళ గడువు అలాగే ఉంటుంది. డేటాసెట్‌కీ, ఉన్న టేబుళ్ళకీ విడిగా తీసేయాలి.

దశ 8: బిగ్‌క్వెరీలో కలపడం

జీఏ4 నిన్నటి సెషన్లని కలపదని పైన చెప్పాను. ఆ పని మనమే చేసుకోవచ్చు. జీఏ4 నుంచి బిగ్‌క్వెరీకి రోజువారీ ఎగుమతి ఉచితం, రోజుకి 10 లక్షల ఈవెంట్ల వరకు. మాకు అందులో వందో వంతు కూడా రావు. కలిపిన రోజు నుంచే డేటా వస్తుంది, వెనకది రాదు. లొకేషన్ ముంబై ఎంచుకున్నాం.

ప్రతి ఈవెంట్‌కీ రెండు కాలమ్‌లు ముఖ్యం: ఒకటి క్లయింట్ ఐడీ (వాళ్ళు 'యూజర్ స్యూడో ఐడీ' అంటారు), ఇంకోటి మన యూజర్ ఐడీ. లాగిన్‌కి ముందు ఈవెంట్లలో రెండోది ఖాళీగానే ఉంటుంది. రిపోర్టుల్లో సెషన్ వరకు కలిపి చూపించినా ఇక్కడ ముడి సరుకే వస్తుంది.

1. ఏ క్లయింట్ ఐడీ మీద ఏయే యూజర్ ఐడీలు కనిపించాయో ఒక జతల టేబుల్ చేశాం.
2. ఒక క్లయింట్ ఐడీకి ఒకే యూజర్ ఐడీ ఉంటే, ఆ బ్రౌజర్ పాత ఈవెంట్లన్నీ ఆ మనిషివే అనుకున్నాం.
3. రెండు అంతకంటే ఎక్కువ ఉంటే కలపలేదు. ఇంట్లో అందరూ వాడే కంప్యూటరో, ఆఫీసు సిస్టమో అయ్యుంటుంది. వాటిలో ఐడీ ఉన్న ఈవెంట్లనే లెక్కలోకి తీసుకున్నాం.
4. ఈ క్వెరీ రోజుకి ఒకసారి నడుస్తుంది. ఖర్చు ఇప్పటిదాకా సున్నా. నెలకి 10 జీబీ నిల్వ, 1 టీబీ క్వెరీ వరకు ఉచితం, మేం ఆ దరిదాపుల్లో కూడా లేం.

మావయ్య మొదటి ప్రశ్నకి ఇక్కడ సగం జవాబు దొరికింది. ఇన్‌స్టాగ్రామ్ లోపలి బ్రౌజర్‌లోనే 'చందువ వస్తే చెప్పండి' నొక్కి ఓటీపీ ఇచ్చినవాళ్ళు, తర్వాత క్రోమ్‌లో పెట్టిన ఆర్డర్లకి కలుస్తున్నారు. అంతకుముందు అవన్నీ 'డైరెక్ట్'లో పడేవి. కానీ యాడ్ నొక్కి, రేట్లు చూసి, ఏమీ నొక్కకుండా వెళ్ళినవాళ్ళు ఎప్పటికీ కలవరు. వాళ్ళని పట్టుకునే నిజాయితీ అయిన పద్ధతి ఏ టూల్‌లోనూ లేదు. ఫాంట్లు, స్క్రీన్ సైజు, బ్యాటరీ చూసి మనిషిని పోల్చుకునే ఫింగర్‌ప్రింటింగ్ లైబ్రరీలు ఉన్నాయి. కస్టమర్‌కి తెలియకుండా చేసే పని కాబట్టి వాటి జోలికి పోలేదు.

బదులుగా ఆర్డర్ అయ్యాక ఒక ప్రశ్న పెట్టాం: 'మా గురించి ఎక్కడ తెలిసింది?' ఇన్‌స్టాగ్రామ్, వాట్సాప్ గ్రూప్, గూగుల్, ఇతరం. 'ఇతరం'లో జనం రాస్తున్నది చూసి ఇంకో బటన్ చేర్చాం: 'పక్కింటివాళ్ళు చెప్పారు'.

దశ 9: నోటీసు, తొలగింపు

డిజిటల్ వ్యక్తిగత డేటా పరిరక్షణ చట్టానికి 2023 ఆగస్టు 11న రాష్ట్రపతి ఆమోదం వచ్చింది. సమ్మతి అడిగే నోటీసుని ఇంగ్లిష్‌లో గానీ ఎనిమిదో షెడ్యూల్‌లోని ఏ భాషలో గానీ చదువుకునే వీలుండాలని అందులో ఉంది. మేం తెలుగులోనే ముందు రాశాం: 'మీరు ఫోన్లోనూ కంప్యూటర్లోనూ లాగిన్ అయితే, ఆ రెండూ మీవేనని మా లెక్కల్లో కలుపుతాం.' ఒప్పుకోనివాళ్ళకి యూజర్ ఐడీ వెళ్ళదు, ఆర్డర్‌కి అడ్డేమీ ఉండదు. పిల్లల ప్రవర్తనని ట్రాక్ చేయడాన్ని కూడా చట్టం వద్దంటుంది, 18 ఏళ్ళలోపు వాళ్ళంతా పిల్లలే.

ఎవరైనా 'నా డేటా తీసేయండి' అంటే మూడు చోట్ల తీయాలి: మన డేటాబేస్‌లో, జీఏ4లో, బిగ్‌క్వెరీలో. జీఏ4లో తీసేస్తే బిగ్‌క్వెరీలో కూడా పోతుందనుకోవద్దు, అది విడి కాపీ. జతల టేబుల్‌లో వరుస కూడా తీయాలి.

ఇప్పుడు ఎక్కడున్నాం

మిగిలిన పెద్ద చిక్కు సాంకేతికం కాదు. చాలా ఇళ్ళలో ఖాతా ఒక్కటే. భర్త నంబరుతో తెరిచింది, ఓటీపీ వస్తే ఆయన ఆఫీసు నుంచి ఫోన్ చేసి చెబుతాడు, చేపలు ఎంచేది భార్య. యూజర్ ఐడీ ఒకటి, మనుషులు ఇద్దరు. విడదీద్దామా అని కొంత తర్జనభర్జన పడి వదిలేశాం. చేపలు కొనేది ఇంటికి, డెలివరీ వెళ్ళేది ఇంటికి. మావయ్యకి పంపే వారం రిపోర్టులో 'యూజర్లు' అనే శీర్షిక తీసేసి రెండు అంకెలు ఇస్తున్నాం: 'తెలిసిన ఇళ్ళు', 'తెలియని బ్రౌజర్లు'. రెండిటినీ కూడి ఒకే అంకెగా ఎక్కడా చూపించడం లేదు.

చేయాల్సినవి:

1. ఫోన్లో యూపీఐ యాప్‌కి వెళ్ళినవాళ్ళు కొందరు బ్రౌజర్‌కి తిరిగి రావడం లేదు. డబ్బు పడుతోంది, 'ధన్యవాదాలు' పేజీ తెరుచుకోక 'పర్చేజ్' ఈవెంట్ పోతోంది. మెజర్‌మెంట్ ప్రోటోకాల్‌తో సర్వర్ నుంచే పంపాలి. దానికి ఆర్డర్ పెట్టినప్పుడే క్లయింట్ ఐడీ, సెషన్ ఐడీ ఆర్డర్‌తోపాటు దాచుకోవాలి. 72 గంటల లోపు జరిగినవే వెనక తేదీతో పంపగలం.
2. పేమెంట్ గేట్‌వే నుంచి తిరిగొచ్చినవాళ్ళకి ఆ గేట్‌వేనే సోర్స్‌గా పడుతోంది. అన్‌వాంటెడ్ రెఫరల్స్ జాబితాలో చేర్చాలి.
3. కార్తీక మాసంలో ఆర్డర్ పెట్టని ఇళ్ళన్నిటినీ 'వదిలేసిన కస్టమర్లు' అని చూపిస్తున్న సెగ్మెంట్ గడువు మార్చాలి. లేకపోతే నీచు ముట్టని ఆ నెలలోనే వాళ్ళందరికీ రొయ్యల ఆఫర్ మెసేజ్‌లు వెళ్తాయి.